గోడ మంచం సరే, రోజూ దాన్ని మడిచేది ఎవరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒడిశాలోని బరంపురంలో, బడా బజారు వైపు పాత వరస ఇల్లు. వీధివైపు గది 12 అడుగులకు 10, లోపలి గది 10కి 10, వెనక సన్నటి వంటిల్లు. ఉండేది ఐదుగురు: మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, అమ్మగారు, మీరిద్దరు, ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు మీ చెల్లెలి కుటుంబం కూడా వచ్చి దిగుతుంది. గోడలోకి మడిచే పెద్ద మంచం, సోఫా కం బెడ్, లాగితే పెద్దదయ్యే భోజనాల బల్ల, ఈ మూడూ తీసుకుంటే ఇల్లు సరిపోతుందా, లేక డబ్బు దండగా అని.

ఆ మూడూ వద్దు. మీకు పనికొచ్చే మడత మంచం ఒక్కటే, అదీ చిన్నది: అమ్మాయి కోసం పక్కకు మడిచే ఒంటి మంచం. సోఫా కం బెడ్ బదులు చెక్క పట్టీల దివాన్ చేయించుకోండి. పెద్ద భోజనాల బల్లకు బదులు రెక్కల బల్ల చాలు. నాన్నగారి మంచాన్ని మాత్రం ఎవరెంత చెప్పినా కదిలే మంచంగా మార్చవద్దు.

నేను పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో ఇరవై ఆరేళ్లుగా వడ్రంగం చేస్తున్నవాణ్ణి. మొదట్లో తలుపులు, కిటికీలు, పెళ్లి మంచాలు చేసేవాణ్ణి. తర్వాత ఫోన్లలో వీడియోలు వచ్చాయి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఫోను ముందు పెట్టి, "మేస్త్రీ, ఇలాంటిది కావాలి" అంటారు. వీడియోలో ఒకమ్మాయి ఒంటి చేత్తో మంచాన్ని గోడలోకి నెడుతుంది. ఆ మంచం మీద దుప్పటి ఉండదు, దిండు ఉండదు, ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట ఉండదు, పడుకున్న ముసలమ్మ అసలే ఉండదు.

మడిచే సామాను చెడేది బందుల దగ్గర కాదు, దాని మీద చేరిన వస్తువుల దగ్గర. కొత్త బస్టాండు వైపు ఒక జంటకు చాలా శ్రద్ధగా గోడ మంచం చేశాను. ఏడాది తర్వాత వేరే పని మీద వాళ్లింటికి వెళ్తే మంచం వాల్చే ఉంది. "ఎప్పుడు మడిచారు?" అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బందులు కొత్తవాటిలా ఉన్నాయి. ప్రతి ఉదయం పక్కబట్టలు తీసి ఎక్కడో పెట్టాలి. ఆ 'ఎక్కడో' అనే చోటు నేను చేయలేదు, వాళ్లు అడగలేదు. మామూలు మంచానికి అయ్యే ఖర్చుకు దాదాపు మూడింతలు పెట్టి వాళ్లు కొనుక్కున్నది చివరికి మామూలు మంచమే.

ఈ మంచాలు విదేశాల్లో ఎందుకు పుట్టాయో చూస్తే సంగతి తెలుస్తుంది. 1885లో షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడిపిన శారా గూడ్, మడిస్తే రాసుకునే బల్లలా కనిపించే మంచానికి పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాతి శతాబ్దం మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ గోడలోకి నిలిపే మంచం తయారుచేశాడు. ఇప్పటికీ దాన్ని అతని పేరుతోనే పిలుస్తారు. అతనిది ఒక్క గది ఇల్లు. పొద్దున్నే లేచి మంచం మూసేస్తే అడ్డుపడేవాళ్లు లేరు. మన ఇళ్లలో మంచం పగలు కూడా ఖాళీగా ఉండదు. మధ్యాహ్నం రెండింటికి అమ్మగారు నడుం వాలుస్తారు, బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ దాని మీదే పడేస్తుంది, చుట్టాలు వస్తే కూర్చునేదీ అక్కడే.

అలాగని మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. 'మంచం వాల్చడం' అన్న మాటే చూడండి. నులక మంచాన్ని పగలు గోడకు నిలబెట్టి రాత్రికి వాల్చుకునేవాళ్లం. మా తాతగారింట్లో భోషాణం పగలు ధాన్యం లెక్కల పుస్తకాలకు పెట్టె, రాత్రి ఆయనకు పడక. ఎవరూ దొంగిలించకుండా దాని మీదే పడుకునేవారు. నులక మంచం తేలిక, ఒక్కరే ఎత్తగలరు. భోషాణాన్ని అసలు కదిపే పనే లేదు. నేటి సామాను ఈ రెండింటికీ మధ్యలో పడి, రెండు సుఖాలనూ పోగొట్టుకుంది.

ఇక మీ ఇంటి సంగతికి వస్తాను.

లోపలి గది. నాన్నగారి మంచం 5 అడుగుల వెడల్పు, గోడకు ఆనుకుని, స్థిరంగా. పరుపుతో కలిపి నేల నుంచి 18 అంగుళాల ఎత్తుకు తగ్గకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారు లేచేటప్పుడు ఆ రెండు మూడు అంగుళాల తేడా ఎంతో అనిపిస్తుంది. గోడ వైపు అమ్మగారు, దారి వైపు నాన్నగారు. చాలామంది ఈ మంచం కిందే పిల్లకు లాగుడు మంచం పెట్టమంటారు. రాత్రి బాత్రూముకు లేచే పెద్దాయన కాలికి మొదట తగిలేది అదే. నేను చేయనని చెప్పేస్తాను.

ఎదుటి గోడకు అమ్మాయి మంచం. నిలువుగా మడిచేది కాదు, పొడవు గోడ వెంట ఉండి పక్క అంచు మీద పైకి లేచేది. మడిస్తే 16 అంగుళాల లోతున్న పెట్టెలా, నాలుగడుగుల పైచిలుకు ఎత్తులో ఆగిపోతుంది. పైన పుస్తకాల అర వేసుకోవచ్చు. వాల్చితే గోడ నుంచి 40 అంగుళాలు ముందుకు వస్తుంది. లెక్క చూడండి: గది 120 అంగుళాలు, నాన్నగారి మంచం 60, ఇది 40, మధ్యలో మిగిలేది 20. రాత్రి నడవడానికి అది చాలు, అంతకు ఒక్క అంగుళం తగ్గినా ఇబ్బందే. పగలు మడిచేస్తే 44 అంగుళాల చోటు. నిలువు మంచం కంటే ఇది పిల్లలకు తేలిక. బరువు తక్కువ ఎత్తులోనే ఉంటుంది, చేయి జారినా తల మీదికి రాదు.

పెట్టె లోతు 16 అంగుళాలు అనడంలో ఒక కిటుకు ఉంది. పరుపు నాలుగైదు అంగుళాలు మించకూడదు, అప్పుడే దుప్పటి, దిండు లోపలే ఉంచి పట్టీతో బిగించి మడవవచ్చు. పక్కబట్టలకు వేరే చోటు వెతుక్కోవాల్సిన పని లేదంటేనే ఆ మంచం రోజూ మూసుకుంటుంది. బస్టాండు జంట దగ్గర నేను నేర్చుకున్న పాఠం అదే.

దోమతెర. ఏ వీడియోలోనూ కనిపించని వస్తువు ఇది. గంజాం జిల్లాలో దోమతెర లేకుండా పడుకోవడం కుదరదు కదా. గోడ మంచానికి స్తంభాలు ఉండవు. పెట్టె పై అంచుకు రెండు కొక్కేలు, ఎదురుగా పైకప్పు నుంచి రెండు తాళ్లు ముందే అనుకోవాలి. ఒకరింట్లో ఇది మరిచిపోయాను. వాళ్లు తెరను ఫ్యానుకు కట్టారు! సీలింగ్ ఫ్యాను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పది అడుగుల పైకప్పు కింద పిల్లలకు రెండంతస్తుల మంచం ఎవరు అడిగినా నేను చేయను. పై మంచంలో లేచి కూర్చుంటే చేయి రెక్కలకు అందుతుంది.

గోడ. మీ ఇల్లు పాతది, బహుశా సున్నపు గారతో కట్టిన గోడలు. వాటిలో బోల్టు బిగిస్తే మొదట గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది, తర్వాత పొడి రాలుతుంది. కొత్త ఇళ్లలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలతో మరో చిక్కు. ఈ వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు అలాంటి గోడ మీదే. రెండు పక్కలా గొలుసులతో, రైలు పెట్టెలో మధ్య బెర్తు చూసి ఒక మంచం బిగించాను. రైలు పెట్టె ఉక్కుది, మనది ఇటుక అన్న ఇంగితం ఆ రోజు నాకు లేకపోయింది. ఎనిమిది నెలలకు ఒక బోల్టు గారతో సహా ఊడి వచ్చింది. అదృష్టం కొద్దీ మంచం మీద ఎవరూ లేరు. డబ్బు వెనక్కి ఇచ్చి, మంచం ఇంటికి తెచ్చుకున్నాను.

కారణం సులువు. రెండడుగులు ముందుకు వచ్చిన పలక చివర ఒక మనిషి 60 కిలోల బరువు వేస్తే, ఒక అడుగు ఎత్తున్న బ్రాకెట్ పై మేకును అది సుమారు 120 కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఇటుక గోడ నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. అందుకే ఇప్పుడు ఏది చేసినా బరువంతా కాళ్ల ద్వారా నేల మీదికే దింపుతాను. గోడ పని సామాను ముందుకు ఒరగకుండా పట్టుకోవడం, అంతే. మీ మేస్త్రీ గొలుసుల మంచం అంటే, వాల్చినప్పుడు దానంతట అదే విచ్చుకునే కాలు ఎక్కడుందో చూపించమనండి.

ముందుగది. ఇక్కడ మీరిద్దరు పడుకుంటారు, పగలు ఇదే అందరూ కూర్చునే గది. సోఫా కం బెడ్ మీద నాకు కోపం లేదు. ఏడాదికి పది రాత్రులు చుట్టం పడుకోవడానికి అది బాగుంటుంది. రోజూ ఇద్దరు పడుకుంటే మడత దగ్గరి కమ్మీ నడుముకు తగులుతుంది, స్పాంజి కుంగిపోతుంది, ఇనుప యంత్రం కిర్రుమంటుంది. దాన్ని బాగుచేసే మనిషి మన ఊళ్లో దొరకడు. కొత్తది కొనమంటారు.

దాని బదులు పట్టీల దివాన్. రెండు చట్రాలు. ఒక్కోదానికి సన్నటి చెక్క పట్టీలు ఎడంగా ఉంటాయి. రెండు చేతుల వేళ్లు ఒకదాని సందుల్లోకి ఒకటి దూర్చినట్టు, ఒక చట్రం పట్టీలు మరోదాని సందుల్లోకి జారతాయి. మూస్తే రెండున్నర అడుగుల వెడల్పు దివాన్, ముందుకు లాగితే 5 అడుగుల మంచం. పగలు వీపుకు ఆనుకునే పరుపు రాత్రికి ఖాళీ సగంలోకి దిగుతుంది. బందులు లేవు, స్ప్రింగులు లేవు. పాడైతే ఒక పట్టీ మార్చుకోవచ్చు. మా వీధిలో ఏ వడ్రంగి అయినా చేస్తాడు, ఒడియా బఢెయి అయినా, తెలుగు మేస్త్రీ అయినా. పట్టీలు టేకువి వేయించండి. సాల్ చెక్క బలమే కానీ బరువు ఎక్కువ, కాళ్లకు మంచిది, లాగే భాగాలకు కాదు. అడుగున గుండ్రటి చక్రాలు వద్దు, పాత నేల మీద అవి గీతలు పెడతాయి. ముందు కాళ్లకు మందపాటి నమదా గుడ్డ, అంటే ఉన్ని అదిమి చేసిన గుడ్డ, అతికిస్తే హాయిగా జారుతుంది.

బల్ల. పది అంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవున్న సన్నటి అలమర, దానికి రెండు పక్కలా వేలాడే రెక్కలు. రెక్క ఎత్తి కింది కాలు తిప్పితే అది ఆ రెక్కను మోస్తుంది. ఒక రెక్క తెరిస్తే నాన్నగారు కుర్చీలో కూర్చుని భోంచేస్తారు, తర్వాత అమ్మాయి చదువుకుంటుంది. రెండూ తెరిస్తే నలుగురు. ఎత్తు 29, 30 అంగుళాలు. మీరు పీటలేసుకుని కింద కూర్చునే అలవాటు ఉంటే దాన్ని మానకండి. ఇంట్లో అన్నిటికంటే చక్కగా ముడుచుకునే సామాను పీటే.

చుట్టాల గురించి. ఠాకురాణి యాత్ర రెండేళ్లకు ఒకసారి, అదీ చైత్రంలో, ఎండల్లో వస్తుంది. ఆ నాలుగు వారాల కోసం మిగతా రోజులన్నీ ఇరుక్కుని బతకడం ఎందుకు? డాబా మీద చాపలు పరిచి పడుకోబెట్టండి. వాళ్లూ దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు సరుకు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి, అది తడిని తట్టుకునే మెరైన్ రకం. మన గాలిలో తేమ అంతా ఇంతా కాదు, వానాకాలంలో తలుపులు ఉబ్బి మూసుకోకపోవడం మీకూ అనుభవమే. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే మడత సామానులో చాలావరకు పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు. ఒకసారి స్క్రూ ఊడితే అదే రంధ్రంలో మళ్లీ పట్టదు, మడిచే సామానుకు ఊడకుండా ఉండే స్క్రూ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా అక్క ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. పార్టికల్ బోర్డు అలమర తడిసిన అట్టపెట్టెలా విచ్చుకుంది. పక్కనే ఉన్న మా నాన్న చేసిన వేప బీరువా తుడిస్తే సరిపోయింది. ఏ పెట్టె అయినా నేలకు ఆనకుండా కనీసం నాలుగు అంగుళాల కాళ్ల మీద ఉండాలని అప్పటి నుంచి పట్టుబడతాను.

బందులు, కదిలే భాగాలకు స్క్రూలు కాదు, ఇవతల నుంచి అవతలికి దూసుకెళ్లే బోల్టు, నట్టు. మీది బరంపురం కాబట్టి మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే 304 రకం, సరిపోతుంది. గోపాలపురం బీచి పక్కన ఇల్లయితే 316 అడగమంటాను. ఉప్పుగాలికి మామూలు ఇనుప బందులు రెండేళ్లు కూడా ఆగవు.

నాన్నగారి మంచం కింద నిల్వ పెట్టె కావాలంటే ఎత్తే హైడ్రాలిక్ మూత బదులు పక్కకు లాగే సొరుగులు పెట్టించండి. గ్యాస్ నింపిన ఆ కడ్డీలను పరుపు బరువుకు తగ్గట్టు ఎంచుకోవాలి. బలం ఎక్కువైతే మూత దిగదు, తక్కువైతే చేతుల మీదికి దిగుతుంది. కొన్నేళ్లకు వాటిలో బలం తగ్గుతుంది, ఎప్పుడు తగ్గిందో మీకు ముందుగా తెలియదు. పైగా మంచం మీద పెద్దవాళ్లు పడుకుని ఉండగా మూత ఎత్తేది ఎలా?

మూసిన నిల్వకు గాలి రంధ్రాలు తప్పనిసరి. మీ వీధి చుట్టుపక్కల నేతగాళ్ల ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఈ కథ మీకు తేలిగ్గా అర్థమవుతుంది. తెలిసిన నేతగాడు ఒకాయన మగ్గం తీసేశాక, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మిగిలింది. నేత మానేసిన గుంటను పూడ్చడానికి మనసొప్పక, దాని మీద పలకల మూత వేసి సామాను పెట్టుకుంటానన్నారు. ఆలోచన నాకూ ముచ్చటేసింది, చక్కటి మూత చేశాను. ఒక్క వానాకాలానికి లోపల పెట్టిన పట్టుచీరలకు బూజు పట్టింది, అవి ఆయన స్వయంగా నేసిన బరంపురం పట్టు. ఆ మూత కింద ఇప్పుడు కొబ్బరి పీచు, పాత ఇత్తడి గిన్నెలు ఉన్నాయి. మూతకు రంధ్రాలు వేసి ఉన్నా, నేల చెమ్మ వల్ల బట్టలు నిలిచేవి కావనుకోండి. మంచం కింద సొరుగులకు మాత్రం వెనక వైపు అంగుళం రంధ్రాలు వరసగా వేయిస్తే నాలుగు కాలాలు బాగుంటాయి.

పని మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు. ఒకటి, అమ్మగారి దగ్గర ముగ్గుపిండి తీసుకుని నేల మీద ప్రతి వస్తువూ తెరిచి ఉన్నప్పటి కొలతలో గీయండి. మూసినప్పటి కొలత అందరూ గీస్తారు, తెరిచినది ఎవరూ గీయరు. వారం రోజులు ఆ గీతల మధ్య తిరగండి. అలమర తలుపు తెరుచుకుంటుందా, స్విచ్చి బోర్డు మంచం వెనక పడుతుందా, అప్పుడే తెలుస్తుంది. రెండు, అమ్మాయి పది రోజులు చాప మీద పడుకుని, బడికి వెళ్లే ముందు తన పక్క తనే చుట్టి పెట్టాలి. పదింటిలో ఏడు రోజులు చుడితే మడత మంచం చేయించండి. అమ్మే చుట్టాల్సి వస్తే మామూలు మంచమే కొనండి, నాకు ఒక పని తగ్గుతుంది, మీకు డబ్బు మిగులుతుంది.

అద్దె ఇళ్లలో ఉండేవారికి, ముఖ్యంగా మెడికల్ కాలేజీ చుట్టుపక్కల గదుల్లో ఉండే పిల్లలకు, గోడకు బిగించేవి ఏవీ చెప్పను. రెక్కల బల్ల, పట్టీల దివాన్ రెండూ విడదీసి బండిలో వేసుకుని వెళ్లిపోవచ్చు.

మేస్త్రీకి కొలతలు ఇచ్చేటప్పుడు గదివే కాక వీధి తలుపు వెడల్పు, నడవా మలుపు, అది ఎటు తిరుగుతుందో కూడా ఇవ్వండి. పోయినేడు ఒక పాత ఇంటికి మేడ మీది గది కోసం ముచ్చటైన పెట్టె మంచం చేసి తీసుకెళ్లాను. గది కొలత నేనే స్వయంగా తీశాను, మెట్లు మాత్రం మామూలుగా ఎక్కి దిగాను. మంచం మూడో మెట్టు మలుపులో ఇరుక్కుంది. నలుగురం కలిసి గంటసేపు అటూ ఇటూ తిప్పాం, ఇంటి పెద్దావిడ మాకు రెండుసార్లు టీ ఇచ్చారు. చివరికి ఆ మెట్ల మీదే కూర్చుని రంపంతో మంచాన్ని రెండుగా కోశాను. ఇప్పుడు నా దగ్గర తయారయ్యే ఏ ముక్కా 28 అంగుళాల వెడల్పు దాటదు, మిగతాది ఇంట్లోకి వచ్చాకే జతచేస్తాను.